శీతల గిడ్డంగిలో మిర్చి: యంత్రము చేయు పని, రైతు చేయవలసిన పని

మిర్చి పండించు రైతునకు పంట ఇంటికి వచ్చిన తరువాత కూడ కష్టము తీరదు. కోతలు, ఆరబెట్టుట, గ్రేడు చేయుట ముగిసి సంచులు కుట్టుసరికి ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మాసములు వచ్చును. అప్పుడే గుంటూరు, ఖమ్మము, వరంగల్లు మార్కెట్లకు సరుకంతయు ఒక్కసారిగా చేరును. ధర తగ్గినదని సరుకును ఇంటివద్ద ఉంచుకొన్నచో ఎండకాలము గడచి వానలు వచ్చులోపల ఎర్రని కాయ వెలవెలపోవును. అందుచేతనే మిర్చి రైతులు కోల్డు స్టోరేజి అని పిలువబడు శీతల గిడ్డంగులను ఆశ్రయించుచున్నారు. ఒక్క గుంటూరు పరిసరములలోనే ఇట్టివి వందకు పైగా కలవు.

అయితే చాలమంది రైతులు గిడ్డంగి వాకిట టిక్కీలు దింపి, బాండు చేతబట్టుకొని, తమ పని అయిపోయినదని భావించుచున్నారు. లోపల చలి ఉన్నది గనుక సరుకు చెడదని వారి నమ్మకము. ఈ నమ్మకము సగము మాత్రమే నిజము. పదునుతో పోసిన మిర్చిని శీతల గిడ్డంగి బాగు చేయలేదు. తీసిన వెంటనే ఎండలో మూతి విప్పిన టిక్కీని కాపాడలేదు. ఆరు మాసములు భద్రముగా ఉన్న సరుకు చివరి ఆరు గంటలలో చెడిపోవుట కలదు. గిడ్డంగి ఎట్లు పని చేయునో తెలిసిన రైతు ఈ నష్టమును సులభముగా తప్పించుకొనగలడు. ఆ సంగతులను ఈ వ్యాసములో వివరించుచున్నాము.

మిర్చి రంగు ఎందుకు పోవును?

ఎండు మిర్చికి ఎరుపునిచ్చు ముఖ్యమైన పదార్థము కాప్సాంథిన్. గాలిలోని ప్రాణవాయువు సోకిన కొలది ఇది క్షీణించును. వేడియు, వెలుతురును ఈ క్షీణతను త్వరపరచును. సాధారణముగా వేడి 10 డిగ్రీలు పెరిగినచో ఇట్టి మార్పుల వేగము రమారమి రెట్టింపగును. ఈ లెక్కన 38 డిగ్రీల కొట్టములో ఒక మాసములో జరుగు నష్టము 8 డిగ్రీల గదిలో జరుగుటకు ఎనిమిది మాసములు పట్టును. కారము అంత త్వరగా పోదు. కాని కొనువాడు ముందుగా చూచునది రంగునే.

నిల్వ మిర్చిని తొలుచు చిన్న పెంకు పురుగు కూడ చలిలో వృద్ధి చెందదు. వేడి 15 డిగ్రీల లోపు ఉన్నచో దాని సంతతి పెరుగుట ఆగిపోవును. అందువలన మిర్చి గదులలో సాధారణముగా 5 నుండి 8 డిగ్రీల వేడిని, 60 నుండి 65 శాతము గాలి తేమను ఉంచుదురు. తేమ 70 శాతము దాటినచో ఎండిన కాయ గాలిలోని నీటిని పీల్చుకొని మెత్తబడును. అప్పుడు బూజునకు అవకాశము కలుగును.

చలి అనునది ఒక వస్తువు కాదు

యంత్రము చలిని తయారుచేసి గదిలో నింపునని పలువురు అనుకొందురు. అది పొరపాటు. చలి అనగా వేడి లేకపోవుటయే. బావిలోని నీటిని మోట పైకి తోడినట్లుగా, గదిలోని వేడిని యంత్రము బయటికి తోడిపోయును. బావిలో ఊట ఉన్నంతవరకు మోట ఆగరాదు. అట్లే గదిలోనికి వేడి వచ్చుచున్నంతవరకు యంత్రము పని చేయుచునే ఉండవలెను. ఈ ఒక్క విషయము గుర్తుంచుకొన్నచో తక్కినవన్నియు వాటంతట అవే బోధపడును.

వేడిని తోడు ఉపాయము మన ఇండ్లలో తరతరములుగా ఉన్నదే. వేసవిలో మట్టికుండ గోడనుండి నీరు చెమర్చి ఆవిరియగును. ఒక లీటరు నీరు ఆవిరి కావలెనన్న సుమారు 580 కిలోకేలరీల వేడి కావలెను. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు పట్టు వేడియే ఒక కిలోకేలరీ. ఆ వేడిని కుండ తనలోని నీటినుండియే ఇచ్చుకొనును. కాబట్టి లోని నీరు చల్లబడును. ద్రవము ఆవిరియగునపుడు చుట్టునున్న వేడిని లాగుకొనును. ఆవిరి మరల ద్రవమగునపుడు ఆ వేడిని వదలివేయును. శీతల యంత్రమంతయు ఈ సూత్రముపై ఆధారపడియున్నది.

కాని కుండకు ఒక హద్దు కలదు. అనంతపురము వంటి పొడి ప్రాంతములో వేసవి మధ్యాహ్నమున 40 డిగ్రీల ఎండ, 20 శాతము తేమ ఉన్నపుడు కుండ పద్ధతిలో చల్లదనము సుమారు 22 డిగ్రీల వరకు మాత్రమే దిగును. కోస్తాలో 35 డిగ్రీల వేడి, 70 శాతము తేమ ఉన్న దినమున 30 డిగ్రీల దిగువకు పోదు. అంతకు మించి చల్లబరచుటకు యంత్రము తప్పదు.

యంత్రము రాకముందు సహజమైన మంచుగడ్డలే ఆధారము. అమెరికా దేశములో శీతకాలమున గడ్డకట్టిన చెరువులనుండి కోసిన మంచు 1833వ సంవత్సరములో బోస్టన్ రేవునుండి ఓడపై కలకత్తాకు వచ్చినది. మద్రాసు సముద్రతీరమున 1842లో కట్టిన ఐస్ హౌస్ ఆ మంచును దాచుటకే ఏర్పడినది. ఆ భవనము నేటికిని నిలిచియున్నది. ఓడలో మంచుచుట్టు రంపపుపొట్టు దట్టముగా కూరి తెచ్చిరి. జర్మనీలో కార్ల్ లిండే 1870-80 మధ్య అమ్మోనియాతో నడచు యంత్రమును రూపొందించిన పిమ్మట మంచును దూరదేశములనుండి తెచ్చుకొను అవసరము క్రమముగా తీరినది. నేటి మన గిడ్డంగులలో చాలవరకు నడచుచున్నవి ఆ కోవకు చెందిన యంత్రములే.

యంత్రములోని నాలుగు భాగములు

అమ్మోనియా అనగా యూరియా తయారీలో వాడు వాయువే. బయటి గాలి ఒత్తిడిలో ఇది సున్నకు దిగువ 33 డిగ్రీల వద్దనే మరగును. ఒత్తిడి పెంచినచో మరగు వేడి కూడ పెరుగును. ఒత్తిడిని తగ్గించి అమ్మోనియాను మరగించుట, ఒత్తిడిని పెంచి దానిని మరల ద్రవముగా మార్చుట, ఇదియే యంత్రము చేయు పని. దీనికి నాలుగు భాగములు కలవు.

1. శీతల గొట్టములు: ఇవి సరుకు ఉన్న గదిలోనే ఉండును. వీటిలో అమ్మోనియా సుమారు 4 రెట్ల గాలి ఒత్తిడితో, సున్నకు ఒకటి రెండు డిగ్రీల దిగువన మరగుచుండును. ఒక్కొక్క కిలో అమ్మోనియా ఆవిరియగుచు సుమారు 300 కిలోకేలరీల వేడిని గదిలోని గాలినుండి లాగుకొనును. పంకాలు ఆ చల్లని గాలిని టిక్కీల మధ్యకు త్రిప్పును.

2. కంప్రెసర్: ఇది ఆ ఆవిరిని పీల్చి, సుమారు 15 రెట్ల గాలి ఒత్తిడికి నొక్కును. విద్యుత్తు ఎక్కువగా ఖర్చగునది ఇచ్చటనే.

3. కండెన్సర్: అనేక గిడ్డంగులలో ఇది మేడపైన ఉండును. వేడెక్కిన ఆవిరి గొట్టములలో ప్రవహించుచుండగా పైనుండి నీరు కారుచుండును. అమ్మోనియా తన వేడిని ఆ నీటికిని గాలికిని ఇచ్చివేసి, రమారమి 40 డిగ్రీల వద్ద మరల ద్రవమగును. గదిలోని వేడి బయటపడు ద్వారము ఇదియే. ఈ గొట్టములపై సున్నపు పొర పేరుకొన్నను, నీరు చాలకపోయినను వేడి బయటికి పోదు. కంప్రెసర్ కష్టపడును, గది చల్లబడదు.

4. ఎక్స్‌పాన్షన్ వాల్వు: ద్రవము ఈ సన్నని ద్వారము గుండా తక్కువ ఒత్తిడిలోనికి జారి, మరల శీతల గొట్టములకు చేరును. ఇట్లు చక్రము తిరుగుచుండును.

ఒక యూనిటు విద్యుత్తుతో మంచి యంత్రము మూడు నాలుగు యూనిట్ల వేడిని తోడగలదు. గొట్టములను అవసరమునకు మించి చల్లబరచినకొలది ఈ లాభము తగ్గును. ఒక డిగ్రీ దిగువకు పోయినచో విద్యుత్తు ఖర్చు సుమారు 3 శాతము పెరుగును. గొట్టములపై మంచు దట్టముగా పేరుకొన్నచో ఇదే నష్టము కలుగును. ఏలయనగా మంచు వేడిని సులభముగా పోనీయదు. గొట్టమునకు దుప్పటి కప్పినట్లగును. అందుచే దానిని అప్పుడప్పుడు కరగించి తొలగించవలెను.

అమ్మోనియాకు బదులు ఫ్రియాన్ జాతి వాయువులను కూడ వాడుదురు. వీటిలో కొన్ని భూమిపైన ఉన్న ఓజోను పొరను హరించుచున్నవని తేలినందున 1987లో మాంట్రియల్ నగరమున అనేక దేశములు వాటిని క్రమముగా తగ్గించుటకు ఒడంబడిక చేసికొన్నవి. అమ్మోనియా వలన ఓజోను పొరకు హాని లేదు. కాని అది ఘాటైనది, ప్రమాదకరమైనది. ఆ జాగ్రత్తలు ముందు చెప్పబడును.

గోడలు, పైకప్పు, తలుపు

యంత్రము ఎంత గొప్పదైనను కట్టడము సరిగా లేనిచో ప్రయోజనము లేదు. వేసవిలో పైకప్పు గుండా వచ్చు వేడి మిక్కిలి ఎక్కువ. దీనిని ఆపుటకు గోడలకు, కప్పునకు థర్మోకోల్ పలకలనుగాని, పఫ్ అని పిలుచు నురుగు పలకలనుగాని అమర్చుదురు. పూర్వము ఊక, బెరడు, రంపపుపొట్టు వాడెడివారు. 10 సెంటీమీటర్ల మందముగల పొడి థర్మోకోల్ వేడిని ఆపుటలో రమారమి 2 మీటర్ల ఇటుక గోడతో సమానము.

“పొడి” అను మాట ముఖ్యము. బయటి వేడిగాలిలోని నీటి ఆవిరి ఎల్లప్పుడు చల్లని లోపలివైపునకు చొరబడజూచును. అది పలకల మధ్య చేరి నీరైనచో పలక తడిసి, వేడిని ఆపు గుణమును కోల్పోవును. అందుచేత ఆవిరిని ఆపు తారు పూతగాని, అల్యూమినియము రేకుగాని పలకకు బయటివైపున, అనగా వేడివైపున ఉండవలెను. గిడ్డంగి గోడలకు చెమ్మ మచ్చలు, మూలలలో బూజు కనిపించినచో ఈ పొర దెబ్బతిన్నదని అనుమానింపవలెను.

తలుపు తీసినంతసేపు చల్లని గాలి క్రిందినుండి బయటికి జారును, వేడి తేమగాలి పైనుండి లోనికి వచ్చును. అందువలననే గదికి ముందు ఒక నడవ, తలుపునకు ప్లాస్టిక్ తెరలు ఏర్పాటు చేయుదురు.

వేడి లెక్క

గిడ్డంగివారు “యాబది టన్నుల యంత్రము” అని చెప్పినచో అది సరుకు బరువు కాదు. ఒక టన్ను మంచు 24 గంటలలో కరగునపుడు ఎంత వేడిని పీల్చునో అంత వేడిని తోడు శక్తికి ఒక టన్ను అని పేరు. అది గంటకు 3,024 కిలోకేలరీలు. ఇండ్లలోను ఆఫీసులలోను పెట్టు ఏర్‌కండిషనరును ఒక టన్ను, ఒకటిన్నర టన్ను అనుటయు ఈ లెక్కతోనే.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసికొందము. ఒక గదికి 40 కిలోల టిక్కీలు 10,000 వచ్చినవనుకొందము. మొత్తము 4,00,000 కిలోలు. ఎండు మిర్చిలో నీరు తక్కువ గనుక ఒక కిలోను ఒక డిగ్రీ చల్లబరచుటకు సుమారు 0.3 కిలోకేలరీ తీయవలెను.

మిట్టమధ్యాహ్నము 38 డిగ్రీల వేడితో వచ్చిన సరుకును 8 డిగ్రీలకు దింపుటకు: 4,00,000 × 0.3 × 30 = 36,00,000 కిలోకేలరీలు.

రాత్రి చల్లారి తెల్లవారుజామున 28 డిగ్రీలతో వచ్చిన సరుకునకు: 4,00,000 × 0.3 × 20 = 24,00,000 కిలోకేలరీలు.

యాబది టన్నుల యంత్రము గంటకు 1,51,200 కిలోకేలరీలు తోడును. సరుకు వేడి ఒక్కటియే తీయుటకు మొదటి పక్షమున దానికి సుమారు 24 గంటలు, రెండవ పక్షమున 16 గంటలు చాలును. మూడవ వంతు శ్రమ తగ్గినది. ఇది యంత్రము శక్తి లెక్క మాత్రమే. టిక్కీ లోపలి కాయలకు చలి సోకుటకు అనేక దినములు పట్టును. ఏలయనగా కాయల మధ్య చిక్కిన గాలి వేడిని త్వరగా వదలదు. అందుచేత మంచి యజమాని ఒక గదిని ఒక్క దినముననే నింపడు. రోజునకు కొంత భాగము మాత్రమే లోనికి తీసికొనును.

గదిలో పని చేయు మనిషి కూడ వేడినిచ్చును. బరువులు మోయు హమాలీ ఒక్కొక్కరు గంటకు 200 కిలోకేలరీలకు పైగా వేడి వెలువరింతురు. పదిమంది గంటసేపు పని చేసినచో ఒక టన్ను యంత్రశక్తిలో రెండు వంతులకు పైగా వారికే సరిపోవును. దీపములు, పంకాలు దీనికి తోడు. కనుక “నా టిక్కీలు ఒకసారి చూపుడు” అని మాటిమాటికి తలుపు తీయించుట వలన నష్టపడునది మనమే.

గిడ్డంగికి పంపుటకు ముందు

మిర్చి భవిష్యత్తు కల్లములోనే నిర్ణయమగును. ఈ క్రింది సంగతులు తప్పక పాటింపవలెను.

1. కాయలో తేమ 10 లేక 11 శాతమునకు మించకుండ ఆరబెట్టవలెను. బాగుగా ఆరిన కాయను చెవివద్ద ఊపినచో గింజలు గలగలలాడును. పిడికిట నొక్కినపుడు మెత్తగా ముద్దయైనచో ఇంకను ఆరలేదని అర్థము. మార్కెట్టులో తేమ కొలుచు పరికరముతో పరీక్ష చేయించుకొనుట ఉత్తమము.

2. కాయలను నేలపై గాక పరదాలపైగాని, సిమెంటు కల్లముపైగాని ఆరబోయవలెను. రాత్రివేళ కుప్పచేసి మంచు పడకుండ కప్పవలెను.

3. తాలు కాయలు, మచ్చ కాయలు, బూజు కాయలు ఏరివేయవలెను. చలి బూజును నిద్రపుచ్చునేగాని చంపదు. బూజు వలన పుట్టిన అఫ్లటాక్సిన్ అను విషము ఎంత చలిలో ఉంచినను పోదు. ఐరోపా సమాఖ్య దేశములు కిలో మిర్చిలో మొత్తము అఫ్లటాక్సిన్ 10 మైక్రోగ్రాములకు మించియున్నచో సరుకును అంగీకరింపవు.

4. సంచులు త్రొక్కునపుడు కాయ విరుగకుండుటకని నీరు చిలకరించు అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. తూకము కూడ కలిసివచ్చునని ఆశ. ఇది మిక్కిలి హానికరము. ఆ నీరు టిక్కీ మధ్యలో చిక్కి, చలి సోకులోపలనే బూజును పుట్టించును. ఒక చెడు టిక్కీ ప్రక్క టిక్కీలను కూడ పాడుచేయును.

5. కొత్తవి, పొడివి అగు గోనె సంచులనే వాడవలెను. ఎరువులు, పురుగు మందులు ఉంచిన సంచులు పనికిరావు.

6. పగలంతయు ఎండలో నిలిచిన లారీతో కాక, రాత్రి చల్లబడిన సరుకును తెల్లవారుజామున చేర్చుట మేలు.

గదిలో పేర్పు

గాలి తిరుగనిచోట చలి ఉండదు. టిక్కీలను నేలకు తగులకుండ చెక్క చట్రములపై పేర్చవలెను. గోడకును వరుసకును మధ్య సుమారు ఒక అడుగు ఎడము, వరుసల మధ్య గాలి బాట, పైన కప్పునకును గొట్టములకును తగినంత ఖాళీ ఉండవలెను. గొట్టముల క్రింద నీటి బొట్లు పడుచోట టిక్కీలను ఉంచరాదు. సీజనులో గిరాకి ఎక్కువగా ఉన్నపుడు నడవలలో కూడ టిక్కీలు కూరుట జరుగును. అట్టి గదిలో తలుపు ప్రక్కనున్న ఉష్ణమాపకము 7 డిగ్రీలు చూపుచున్నను, వరుసల నడుమ 20 డిగ్రీలు ఉండవచ్చును. కనుక గది మధ్యలోను, పైవరుసలోను కూడ వేడిని కొలుచుచున్నారా అని అడుగవలెను.

మిర్చి ఘాటు ఇతర సరుకులకు పట్టును. పండ్లు, గ్రుడ్లు, పాల పదార్థములు ఉన్న గదిలో మిర్చి పెట్టరాదు.

బయటికి తీయునపుడు

ఎక్కువ నష్టము జరుగునది ఇచ్చటనే. చల్లని చెంబు వెలుపల నీటి బొట్లు పట్టుట అందరు చూచినదే. 38 డిగ్రీల వేడి, 50 శాతము తేమ ఉన్న గాలి సుమారు 26 డిగ్రీలకు దిగువనున్న ఏ వస్తువును తాకినను నీరుగా మారును. 7 డిగ్రీల చల్లదనముతో ఉన్న టిక్కీని అట్టి గాలిలో మూతి విప్పినచో ప్రతి కాయపైన సన్నని చెమ్మ పట్టును. ఆ కాయలనే తిరిగి సంచిలో నింపి లారీకెత్తినచో, మార్కెట్టు చేరులోపలనే మెత్తబడి, రెండు మూడు దినములలో తెల్లబూజు కనిపించును.

కాబట్టి గదిలోనుండి తీసిన టిక్కీలను మూతి విప్పకుండ ముందుగా నడవలోనో, నీడగల పొడి షెడ్డులోనో ఎడముగా నిలుపవలెను. సంచి మధ్య భాగము బయటి వేడికి దగ్గరగు వరకు, కనీసము ఒక రాత్రి అయినను అట్లుంచవలెను. చెమ్మ సంచిపైననే పట్టి, గాలికి ఆరిపోవును. ఆ తరువాతనే మూతి విప్పి నమూనా చూపవలెను. వాన దినములలో తీయక తప్పనిచో పరదాలు కప్పి రవాణా చేయవలెను. అమ్మకము రేపనగా నేడే తీయుటకు గిడ్డంగివారితో ముందుగా చెప్పుకొనవలెను. ఒకసారి వేడెక్కిన సరుకును అమ్ముడుపోలేదని మరల గదిలో పెట్టుట మంచిది కాదు.

అమ్మోనియా, అగ్ని: జాగ్రత్తలు

అమ్మోనియా కొద్దిగా కారినను ఘాటు వాసన వెంటనే తెలియును. ఆ వాసన హెచ్చరికయే. కండ్లు మండినచో సరుకు సంగతి విడిచి, గాలి వీచు దిశకు అడ్డముగా నడచి దూరముగా పోవలెను. తడిగుడ్డ ముక్కునకు అడ్డుపెట్టుకొనవలెను. అమ్మోనియా నీటిలో సులభముగా కరగును. కండ్లలో పడినచో ధారాళముగా నీటితో కడిగి వైద్యుని వద్దకు పోవలెను. కారుచున్న గొట్టమును ముట్టుకొనుట శిక్షణ పొందినవారి పని, హమాలీలది కాదు.

ఎండు మిర్చి, గోనె, థర్మోకోల్ మూడును నిప్పునకు త్వరగా అంటుకొనునవి. విద్యుత్తు తీగలు చెడి గిడ్డంగులు కాలిపోయిన ఘటనలు జరిగినవి. బాండు పొందునపుడే సరుకునకు భీమా ఉన్నదా, ఎంత విలువకు, ఎవరి పేర, ఏ తేదీ వరకు అను నాలుగు సంగతులు వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను. నష్టము జరిగిన పిదప అడిగిన ప్రశ్నకు జవాబు ఉండదు.

నిల్వ లాభమా, నష్టమా?

గిడ్డంగి రంగును నిలుపును, ధరను నిలుపలేదు. నిల్వ చేయుటకు ముందు కాగితముపై లెక్క వేసికొనవలెను. అద్దె, హమాలీ, రవాణా, భీమా, తూకములో తరుగు, అప్పుపై వడ్డీ, ఈ ఆరును కలుపవలెను. ఉదాహరణకు 25 టిక్కీలపై, అనగా 10 క్వింటాళ్లపై, లక్ష రూపాయల అప్పు నూటికి సాలుకు 12 వడ్డీతో తీసికొన్నచో, ఆరు మాసములకు వడ్డీయే 6,000 రూపాయలు. క్వింటాలునకు 600 రూపాయలు. దీనికి తక్కిన ఖర్చులు కూడవలెను. ధర అంతకు మించి పెరుగునను ఆశకు తగిన ఆధారము ఉన్నప్పుడే నిల్వ చేయవలెను. పంటనంతయు ఒకేసారి అమ్మక, ఒకేసారి దాచక, కొంత అమ్మి అప్పు తీర్చి, మేలురకము మాత్రమే నిల్వ చేయుట వివేకము. తాలు కాయకు అద్దె కట్టుట దండుగ.

2007వ సంవత్సరపు గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టము క్రింద నమోదైన గిడ్డంగులు ఇచ్చు రసీదులను బ్యాంకులో కుదువబెట్టి అప్పు పొందవచ్చును. గిడ్డంగి నమోదైనదా కాదా అని విచారించుకొనవలెను.

ఇతర పంటల మాట

మిర్చికి తగిన చలి అన్నిటికి తగదు. పండ్లు, కూరలు కోసిన తరువాత కూడ శ్వాసించుచు వేడినిచ్చును. అరటిపండు 13 డిగ్రీలకు దిగువన నల్లబడును. పచ్చి టమాటాను అంతకు దిగువన ఉంచినచో తరువాత సరిగా పండదు. విత్తనపు బంగాళాదుంపకు 2 నుండి 4 డిగ్రీలు కావలెను. కాని అట్టి చలిలో దుంప తియ్యబడును గనుక వేపుడు చిప్సుకు పనికిరాదు. కూరలను రెండు మూడు దినములు మాత్రము నిలుపగోరు చిన్న రైతులకు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన ఇటుకల చల్లని గది చాలును. రెండు వరుసల ఇటుక గోడల నడుమ 7.5 సెంటీమీటర్ల సందున ఇసుక నింపి, ఉదయము సాయంత్రము తడుపుచుండవలెను. ఇది కుండ సూత్రమే, విద్యుత్తు అక్కరలేదు. పొడి ప్రాంతములలో మిక్కిలి ప్రయోజనకరము. కాని తేమగల ఈ గదిలో ఎండు మిర్చిని ఎంతమాత్రము ఉంచరాదు.

గిడ్డంగిలో అడుగవలసిన ప్రశ్నలు

1. గది వేడి, తేమ ప్రతిదినము పుస్తకములో వ్రాయుచున్నారా? ఆ పుస్తకము చూపుదురా?
2. విద్యుత్తు పోయినపుడు నడుపుటకు జనరేటరు ఉన్నదా?
3. గోడలపై చెమ్మ, బూజు కలదా?
4. నడవలలో టిక్కీలు కూరుచున్నారా?
5. తీసిన టిక్కీలను నిలుపుటకు నీడగల చోటు కలదా?
6. నిప్పును ఆర్పు పరికరములు, అమ్మోనియా ముసుగులు సిద్ధముగా ఉన్నవా?
7. బాండుపై రకము, టిక్కీల సంఖ్య, తూకము, గుర్తు, భీమా వివరములు స్పష్టముగా ఉన్నవా?

గ్రామాధికారులు ఈ ప్రశ్నలను పంచాయతీ కార్యాలయమున అందరికి కనబడునట్లు వ్రాయించి ఉంచినచో ఎక్కువమందికి మేలు కలుగును. ఒకే ఊరి రైతులు కలసి ఒకే గిడ్డంగిని ఎన్నుకొని, తమలో ఒకరిని మాసమునకొకసారి పోయి పుస్తకము చూచి రమ్మని నియమించుకొన్నచో, ఒక్కొక్కరు పోయి తలుపులు తీయించు పని తప్పును.

యంత్రము వేడిని తోడగలదు. కాని పదునును ఆరబెట్టలేదు, బూజును ఏరలేదు, చల్లని టిక్కీని తొందరపడి విప్పు చేతిని ఆపలేదు. ఈ మూడును రైతు చేతిలోని పనులే. ఏడాదిపాటు అప్పు చేసి, నీరు పెట్టి, మందు చల్లి పండించిన ఎరుపును చివరి అడుగులో పోగొట్టుకొనక, మన రైతులు ఈ జాగ్రత్తలు పాటించి తగిన ప్రతిఫలము పొందుదురుగాక.